బాటసారిని అడుగవలసిన మొదటి ప్రశ్న

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము ఇరువదియైదేండ్లు తన గ్రంథాలయపు దీపమును ఆరనీయక కాపాడుకొనుట సామాన్యమైన పని కాదు. పుస్తకములు కొనుట కంటె వాని దుమ్ము దులుపుట కష్టము. తలుపు పెట్టించుట కంటె దానిని ప్రతి సాయంకాలము వేళకు తెరచుట కష్టము. ఆ కష్టమును ఓర్చుకొన్న పెద్దలకును, యువకులకును ముందుగా నా నమస్కారములు. ఏదైన ఒక విషయమును గూర్చి ముచ్చటింపుమని మీరు కోరినారు. పుస్తకముల గొప్పతనమును గూర్చి ఈ వేదిక మీద నాకంటె చక్కగా చెప్పగలవారు ఉన్నారు. నేను బాటసారుల బసను గూర్చి మాటలాడెదను. గ్రంథాలయ సభలో సత్రముల ప్రసంగమేమి అని మీరు నవ్వుకొనవచ్చును. చివరి వరకు ఓపిక పట్టినచో ఆ రెండింటికి గల సంబంధము మీకే తోచును.

వరంగల్లు నుండి ఖమ్మము పోవు బస్సులో కండక్టరు "మరిపెడ బంగ్లా" అని కేక వేయగానే దిగవలసినవారందరు మూటలు సర్దుకొందురు. మన ఊరి పేరును పలుకుచున్నప్పుడెల్ల, మనకు తెలియకుండగనే, ఒక బంగళాను తలచుకొనుచున్నాము. నిజాము ప్రభుత్వపు కాలమున పెద్ద బాటల వెంట అక్కడక్కడ ఇట్టి బంగళాలు ఉండెడివి. వానిలో బస చేయుటకు అర్హత గలవారు సర్కారు కొలువులో ఉండి పర్యటనకు వచ్చు అధికారులు. వారికి మంచము, దీపము, వంటవాడు, గుఱ్ఱమునకు గడ్డి అన్నియు సిద్ధముగా ఉండెడివి. తక్కిన జనము ఎక్కడ పండుకొనెడివారు? చింతచెట్టు క్రింద, గుడి మండపములో, ఊరి చావడిలో, లేదా దయగల ఇల్లాలి వీధి అరుగు మీద. రాత్రి గడుపుకొని తెల్లవారుజామున బండ్లు కట్టుకొని పోయెడివారు. ఒకే బాట మీద నడచువారికి రెండు విధములైన రాత్రులు! ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. మరల దీని కడకు వచ్చెదను.

మన పూర్వులకు బాటసారి యొక్క కష్టము తెలియనిది కాదు. తెలుగులో అతనికై ఎన్ని మాటలున్నవో చూడుడు: సత్రము, చావడి, మఠము, మండపము, చలివేంద్రము, పూటకూళ్ళ ఇల్లు. తురుష్కుల కాలమున సరాయి, ముసాఫర్‌ఖానా అను మాటలు చేరినవి. ఇవన్నియు ఒకటి కావు. సత్రమున ధర్మముగా పెట్టుదురు. పూటకూళ్ళ ఇంట పైకము పుచ్చుకొని పెట్టుదురు. మన ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఎట్లుండెడిదో తెలియవలెనన్నచో క్రీడాభిరామమును చదువుడు. ఒక్క రూక ఇచ్చినచో సన్నబియ్యపు అన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, పెరుగు దొరకెడివని ఆ కవి నోరూరునట్లు వర్ణించినాడు. కాకతీయ రాజధానికి వచ్చిన పరదేశికి ఆకలి భయము లేదన్నమాట.

ధర్మసత్రమును గూర్చి ఇంతకంటె గొప్ప సాక్ష్యము ఒకటి కలదు. 1261లో రాణి రుద్రమదేవి నాటి మల్కాపుర శాసనము గుంటూరు మండలమున దొరకినది. గోళకీమఠాధిపతియైన విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణాతీరమున మందడము మున్నగు గ్రామములు దానమైన సంగతిని అది చెప్పుచున్నది. ఆయన ఆ ఆదాయముతో విద్యాశాలను, వైద్యశాలను, ప్రసూతిశాలను, అన్నసత్రమును ఏర్పరచినాడు. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని అందు వ్రాయించినాడు. ఏడున్నర శతాబ్దముల క్రిందట, రాతి మీద చెక్కించిన మాట ఇది. అన్నము పెట్టుట ఒక ఎత్తు; ఎవరికి పెట్టవలెనో నియమించి, ఆ నియమములో ఎవరిని బయట ఉంచకుండుట మరియొక ఎత్తు.

కోనసీమలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతము వండి పెట్టి అన్నపూర్ణ అని పేరు పొందినారు. ఆమెకు రాజ్యము లేదు, శాసనము లేదు. ఒక ఇల్లు, ఒక పొయ్యి, అలసట ఎరుగని రెండు చేతులు మాత్రమే ఉండెను.

ఇక కొండదారుల సంగతి. మైదానమున ఊరికి ఊరు దగ్గర. అడవిలోను, కొండమీదను అట్లు కాదు. చీకటి పడులోపల బస చేరవలెను, లేనిచో ప్రాణభయము. అందుచేత మన వారు కొండదారులను పుణ్యకార్యముగా కాపాడినారు. కొండవీటి ప్రోలయ వేమారెడ్డి పదునాలుగవ శతాబ్దమున శ్రీశైలమునకు, అహోబలమునకు మెట్లు కట్టించెను. ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలము చేరు అడవిబాట నేటికిని ఉన్నది. ఉగాదికి కన్నడ దేశపు భక్తులు, శివరాత్రికి మన భక్తులు వేల సంఖ్యలో ఆ దారిని నడచి కైలాసద్వారము వద్ద కొండ ఎక్కుదురు. ఆ దినములలో దాతలు అడవి నడుమ నీళ్ళకుండలు పెట్టుదురు, అన్నము వండుదురు.

ఈ దారిన పోయి, చూచినదంతయు వ్రాసి పెట్టిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. 1830 మే 18వ తేదీన బయలుదేరి, ఇంచుమించు నూరుగురు పరివారముతో తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశీ చేరి, కలకత్తా వరకు పోయి, తూర్పుతీరము వెంట 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. దారిలో తన స్నేహితుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెకు వ్రాసిన లేఖలే కాశీయాత్ర చరిత్ర అయినవి. ఆ గ్రంథమును 1838లో శ్రీనివాసపిళ్ళెయే అచ్చు వేయించెను. ఆ పుస్తకమును తెరచి చూడుడు. ప్రతి మజిలీ యందును ఆయన గమనించినది ఏమి? ఊరిలో నీళ్ళు మంచివా, అంగళ్ళు ఉన్నవా, దిగుటకు చోటున్నదా, దారి రాళ్ళదా రేగడా. కాశీకి పోవు మహాయాత్రికునకు కూడ ప్రతి సాయంకాలము అవే ప్రశ్నలు. తరువాతి బాటసారి సుఖపడవలెనని తన కష్టమును వ్రాసి పెట్టినాడు. అట్టి పుస్తకము కూడ ఒక సత్రమే. కట్టినవాడు పోయినను నీడ నిలిచి ఉన్నది.

సోదరులారా, ఇంతవరకు మన గొప్ప చెప్పితిని. ఇప్పుడు గొప్ప కానిదియు చెప్పవలెను. పుస్తకములలో లేనిది, నా కాళ్ళతో నడచి తెలిసికొన్నది.

1966వ సంవత్సరపు శివరాత్రికి మా తండ్రి నన్ను వెంటబెట్టుకొని శ్రీశైలము బయలుదేరినాడు. అప్పటికి నాకు పండ్రెండేండ్లు. మా తండ్రి చెప్పులు కుట్టువాడు. అమ్రాబాదు వైపు నుండి నల్లమల ఎక్కవలెనని మా సంకల్పము. అడవి అంచున ఒక ఊరిలో యాత్రికులకు సత్రమున్నదని విని చీకటి పడువేళకు అక్కడికి చేరితిమి. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నవి, చలి కొరుకుచున్నది. లోపల దీపము వెలుగుచున్నది, పప్పు పోపు వాసన వచ్చుచున్నది. తలుపు కడ కూర్చున్నవాడు మమ్ము ఊరేదని అడుగలేదు, ఎంత దూరము నడచితిరని అడుగలేదు.

"మీరేమోళ్ళు?" అన్నాడు.

మా తండ్రి అబద్ధమాడుట ఎరుగడు. చెప్పినాడు. అతడు చేయి చాచి రోడ్డుకు ఆవలి ప్రక్కనున్న వేపచెట్టును చూపినాడు. కోపపడలేదు, తిట్టలేదు, ప్రతిదినము చేయు పని వలె చేసినాడు. కొంతసేపటికి ఒక విస్తరిలో అన్నము తెచ్చి చెట్టు మొదట పెట్టి పోయినాడు. మా తండ్రి దానిని నా ముందుకు జరిపి తాను తినలేదు. ఆకలి లేదన్నాడు. ఆనాడు నమ్మితిని.

అప్పటికి మన రాజ్యాంగము వచ్చి పదునారేండ్లు. అంటరానితనము నేరమని చేసిన 1955 నాటి చట్టములో ధర్మశాల, సరాయి, ముసాఫర్‌ఖానా అను మాటలు స్పష్టముగా వ్రాసి ఉన్నవి. వానిలో ప్రవేశమును ఎవరికిని అడ్డగింపరాదని ఉన్నది. చట్టము వచ్చి పదకొండేండ్లయినను అది ఆ గడప దాటి లోపలికి పోలేదు. మేము ఎట్లు బయటనుంటిమో చట్టము కూడ అట్లే బయట ఉండెను.

మరునాడు అడవిలో నడచితిమి. నాకు జ్వరము తగిలినది. తోడి యాత్రికులు ముందు సాగిపోయిరి. సాయంకాలమునకు ఒక చెంచుపెంట కనబడినది. నాలుగైదు గుడిసెలు, నడుమ నెగడు. ఒక ముసలి చెంచు మమ్ము చూచి లేచి నిలుచున్నాడు. మా తండ్రి వెనుకటి రాత్రిని తలచుకొని, దూరముననే ఆగి, "పెద్దయ్యా, మేము..." అని మన కులమును తానే చెప్పబోయినాడు. ఆ ముసలివాడు ఆ మాటను పూర్తి కానీయలేదు.

"పిలగానికి ఒళ్ళు కాలుతున్నట్టుంది గదా. మంట కాడికి రా బిడ్డా" అన్నాడు.

ఆ రాత్రి నెగడు ప్రక్కన పండుకొంటిని. వారు ఉడికించిన గడ్డలు పెట్టిరి. మా తండ్రి మూటలోని జొన్నరొట్టెలు విప్పి వారికిచ్చినాడు. అందరు కలిసి తినిరి. తెల్లవారి మా తండ్రి కొంగుముడి నుండి ఒక రూపాయి తీసి ఇయ్యబోగా ముసలివాడు నవ్వి, "తొవ్వ తెల్సునా?" అని మాత్రము అడిగి, తన మనుమని తోడిచ్చి వాగు దాటించినాడు. ఆ తొవ్వలో కొంత దూరము పోయిన తరువాత మా తండ్రి నాతో ఒక మాట అన్నాడు: "సత్రమంటే గోడలు గాదురా." అంతకుమించి ఆ యాత్రలో ఆయన దానిని గూర్చి మాటలాడలేదు.

ఈ సంగతిని ఎవరి మీదనో కోపముతో చెప్పుట లేదు. ఆ తలుపు కడ కూర్చున్నవాడు పోయినాడు, మా తండ్రియు పోయినాడు. కాని బాటసారిని మనము అడుగు మొదటి ప్రశ్న ఏది అను విచారణ నన్ను అరువదేండ్లుగా విడువలేదు. దానికి ఒక జవాబు నాకు ఎక్కడ దొరకినదో చెప్పెదను.

2018లో మా కుమారుడు ఉద్యోగరీత్యా జపాను దేశమున ఒసాకాలో ఉండగా నేను అక్కడికి పోయితిని. నాకు కొండదారులన్న ఇష్టమని ఎరిగినవాడగుటచే నన్ను కుమనో యాత్రాపథమునకు తీసికొనిపోయినాడు. కీయీ ద్వీపకల్పములోని కొండల నడుమ వేయి సంవత్సరములుగా భక్తులు నడచుచున్న బాట అది. ఒకప్పుడు చక్రవర్తులు నడచినారు, బిచ్చగాండ్రు నడచినారు. 2004లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ వారు దానిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి. తకిజిరి అను చోట బయలుదేరి రాతిమెట్లు, దేవదారుల వంటి పొడవైన చెట్ల వేళ్ళు, నాచు పట్టిన చిన్న చిన్న గుళ్ళు దాటుకొనుచు ఒక దినమంతయు నడచి చికత్సుయు అను లోయగ్రామమును చేరితిమి. నల్లమలలో నడచినవానికి ఆ దారి క్రొత్త కాదు. ఎక్కుడు ఎక్కునప్పుడు ఊపిరి ఎక్కడనైన ఒక్క తీరుగనే ఆడును.

ఆ ఊరిలో మేము దిగినది మిన్‌షుకు అనబడు చిన్న బస. మన మాటలలో చెప్పవలెనన్నచో అది ఒక కుటుంబము వారు తమ ఇంటనే నడపుకొను పూటకూళ్ళ ఇల్లు. ఎనుబదియేండ్లకు దగ్గరపడిన ఒక అవ్వ, ఆమె కోడలు దానిని చూచుకొనుచున్నారు. మనిషికి ఇంత అని పైకము. అందులోనే రాత్రి భోజనము, ఉదయపు భోజనము, పడక. మరునాటి మధ్యాహ్నమునకు అన్నపు ముద్దలు కట్టి ఇచ్చుటయు కలదు. అవ్వ మమ్ము అడిగిన ప్రశ్నలు రెండు. ఎన్ని గంటలకు వచ్చెదరని ముందుగా ఫోనులో అడిగినది. చేపలు తినవచ్చునా అని గడప కడ అడిగినది. అంతే.

గడప లోపల చెప్పులు విడువవలెను. ఇది మనకు తెలిసిన మర్యాదయే. లోపల తిరుగుటకు వారు మెత్తని చెప్పులు ఇత్తురు. అయితే గడ్డితో నేసిన చాపలు పరచిన గదిలోనికి వానితో కూడ పోరాదు. నేను తెలియక పోయితిని. అవ్వ ఏమియు అనలేదు. నేను కూర్చున్న తరువాత వంగి ఆ చెప్పులను తీసి, నేను మరల బయటికి వచ్చునప్పుడు తొడుగుకొనుటకు వీలుగా ముఖము త్రిప్పి వాకిట పెట్టినది. చెప్పులు కుట్టువాని కొడుకును నేను. నా చెప్పులను ఒక పెద్దముత్తైదువ చేతులతో సర్దుచున్నప్పుడు నా మనస్సు ఎట్లుండెనో మీరు ఊహింపగలరు.

గదిలో మంచము లేదు, కుర్చీ లేదు. నడుమ ఒక పొట్టి బల్ల. పగలు ఖాళీగా ఉన్న ఆ గదిలోనే రాత్రి బల్లను ప్రక్కకు జరిపి గోడబీరువాలోని పరుపులను పరచుదురు. తెల్లవారి మడిచి దాచుదురు. మన ఇండ్లలో చాప చుట్టి మూలకు నిలబెట్టుట వంటిదే. స్నానమునకు లోతైన తొట్టిలో వేడినీరు ఉండును. అందరును వంతులవారీగా ఆ నీళ్ళలోనే కూర్చుందురు. అందుచేత బయటనే సబ్బుతో శుభ్రముగా కడుగుకొని పిమ్మట దిగవలెను. తరువాత వచ్చువాని కొరకు నీటిని మలినము చేయరాదన్నది అక్కడి నియమము. భోజనమునకు అన్నము, సోయాచిక్కుడు ముద్దతో చేసిన చారు, కాల్చిన ఏటిచేప, కొండ ఆకుకూరలు, ఊరగాయ. ఆడంబరమేమియు లేదు, కడుపు నిండినది.

ఆ రాత్రి మా కుమారుడు దుబాసిగా ఉండగా అవ్వతో ముచ్చటించితిమి. ఊరిలో పిల్లలు తగ్గిపోయినారనియు, యువకులు పట్టణములకు పోయినారనియు, తన తరువాత కోడలు నడపినంతకాలమే ఈ ఇల్లు ఉండుననియు చెప్పినది. ఈ మాట మన పల్లెలకు పరాయిదా?

జపానులో అన్నియు మంచియే అని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆ దేశపు పాత రహదారులలోను మన బంగళాల వంటి భేదములే ఉండెడివి. ఎడో నగరమునకును క్యోటోకును నడుమ కొండల మీదుగా పోవు నకసెందో బాట పొడవునను 69 మజిలీలు ఉండెడివి. ప్రభువులకు హోంజిన్ అను పెద్ద భవనము వేరు. సామాన్యులకు భోజనము పెట్టు హతాగో వేరు. కటిక పేదలకు కిచిన్‌యాదో అను బస వేరు. కిచిన్ అనగా కట్టెల ధర. పేదవాడు తన బియ్యము తాను తెచ్చుకొని, కట్టెలకు మాత్రము పైకమిచ్చి, వండుకొని, అక్కడనే పండుకొనెడివాడు. ఆ దేశపు పవిత్ర పర్వతములు కొన్నింటిపై ఆడువారిని శతాబ్దముల కాలము అడుగు పెట్టనీయలేదు. ఆ నిషేధమును ప్రభుత్వము 1872లో రద్దు చేసెను. అయినను ఓమినే పర్వతములలో ఒక శిఖరము మీద ఆచారము పేరిట అది నేటికిని సాగుచున్నది. గడపలు అడ్డగించుట ఒక్క మన దేశపు వ్యాధి కాదు. కాని కుమనో సంప్రదాయము మాత్రము మొదటినుండియు వేరు. స్త్రీయా పురుషుడా, ఉన్నతుడా హీనుడా, శుచియా అశుచియా అని అడుగక అందరిని రానిచ్చిన క్షేత్రమని దానికి పేరు. మల్కాపుర శాసనమును చెక్కించిన మహానుభావుడు ఆ దారిన నడచి ఉన్నచో తన మాటనే అక్కడ వినియుండును.

ఆ నకసెందో బాట మీదనే త్సుమాగో అను గ్రామము కలదు. రైలు మార్గము, క్రొత్త రోడ్డు వేరుగా పోవుటచే మజిలీ పాడుపడి, ఇండ్లు కూలి, జనము వలసపోయిరి. 1968 మొదలుకొని ఆ గ్రామస్థులు తమ పాత ఇండ్లను బాగు చేసికొనసాగిరి. 1971లో ఒక ప్రతిజ్ఞాపత్రము వ్రాసికొనిరి: ఇండ్లను అమ్మరాదు, అద్దెకియ్యరాదు, పడగొట్టరాదు. 1976లో ప్రభుత్వము ఆ గ్రామమును రక్షింపవలసిన వానిలో చేర్చెను. నేడు దేశదేశముల నుండి జనము వచ్చి మగోమె నుండి త్సుమాగో వరకు ఎనిమిది కిలోమీటర్ల కొండదారిని నడచి ఆ ఇండ్లలో బస చేయుచున్నారు. ప్రతిజ్ఞను వ్రాసినది మంత్రులు కారు, ఆ ఊరివారే.

మన దేశమున సత్రములు ఏల తగ్గినవి? రైలు వచ్చినది, బస్సు వచ్చినది. 1944లో తిరుమల కొండకు మొదటి ఘాటురోడ్డు వేసినారు. నడచి ఎక్కి కొండమీద దినముల తరబడి నిలిచెడివారు పూటలో పోయి రాగలిగినారు. పైకమున్నవానికి లాడ్జీలు వచ్చినవి. బాటసారి లేనిచో బస ఎందుకని మనము అనుకొంటిమి. కాని బాటసారి పోలేదు. వాని రూపము మారినది. పరీక్ష వ్రాయుటకు పొరుగు తండా నుండి వచ్చి, చివరి బస్సు తప్పి, బస్సుస్టాండు బల్ల మీద పుస్తకము తలక్రింద పెట్టుకొని పండుకొను పిల్లవాడు బాటసారి. ఆసుపత్రికి తెచ్చిన రోగికి తోడు వచ్చి రాత్రి ఎక్కడ తల దాచుకొనవలెనో తెలియని తల్లి బాటసారి. మేడారము జాతరకు పోవుచు ఆగిన కుటుంబము బాటసారి. పత్తి ఏరుటకు, మిరప కోయుటకు దూరపు జిల్లాల నుండి వచ్చు కూలీలు బాటసారులు.

ఇప్పుడు సత్రమునకును గ్రంథాలయమునకును గల సంబంధమును చెప్పెదను. తెలంగాణములో గ్రంథాలయోద్యమము బాటసారుల ఉద్యమము. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. వాని పిమ్మట ఊరూర గ్రంథాలయములు పెట్టించుటకు కార్యకర్తలు పుస్తకముల మూటలు మోసికొని కాలినడకను, ఎడ్లబండ్లమీదను తిరిగిరి. వట్టికోట ఆళ్వారుస్వామి తాను స్థాపించిన దేశోద్ధారక గ్రంథమాల పుస్తకములను తానే చేతబట్టుకొని ఊరూర తిరిగి అమ్మినాడు. అట్టి వారికి ఏ ఊరిలోనో ఎవరో ఒకరు ఒక రాత్రి చోటిచ్చి, ఇంత అన్నము పెట్టి ఉండనిచో ఈనాడు మన తెలుగు చదువు ఎట్లుండెడిదో చెప్పలేము. ఆ చోటిచ్చిన వారి పేర్లు ఏ చరిత్రలోను లేవు.

మరియొకటి. ఈ గ్రంథాలయమున పుస్తకము కొరకు వచ్చినవానిని మీరు ఏమని అడుగుదురు? "ఏ పుస్తకము కావలెను?" అని అడుగుదురు. "మీరేమోళ్ళు?" అని అడుగరు. ఇరువదియైదేండ్లుగా ఈ గడప కడ ఆ ప్రశ్న వినబడలేదని నేను విన్నాను. మీరు రజతోత్సవము చేసికొనుటకు ఇంతకంటె మంచి కారణము నాకు కనబడదు.

కనుక నాదొక మనవి. ఈ భవనమునకు ప్రక్కన ఒక గది కట్టుడు. పెద్దది అక్కరలేదు. నాలుగు చాపలు, నాలుగు దుప్పట్లు, ఒక నీళ్ళకుండ, ఒక మరుగుదొడ్డి, లోపలి నుండి గడియ పడు తలుపు. ఆడువారు వచ్చిననాడు వారికే విడిచిపెట్టవలెను. ఒక్క రాత్రి, తప్పనిచో రెండు రాత్రులు.

దీనికి అడ్డు చెప్పువారు ఉందురు. వారి మాటను త్రోసివేయరాదు. దొంగలు రారా అందురు. ఒక పుస్తకము పెట్టి, వచ్చినవాని పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాయించుడు. అది చాలును, కులపు గడి గీయకుడు. ఎవరు ఊడ్చెదరు అందురు. జపానులో నేను చూచిన నియమమును పెట్టుడు: పండుకొన్నవాడే తెల్లవారి పరుపు మడిచి, గది ఊడ్చి, తరువాత వచ్చువాని కొరకు కుండ నింపి పోవలెను. తాగుబోతులు చేరుదురు అందురు. అందుకే ఆ గది గ్రంథాలయపు ప్రక్కన ఉండవలెనని అడుగుచున్నాను. రాత్రి తొమ్మిది వరకు పదిమంది చదువుకొను చోట అట్టివారు నిలువరు. ఖర్చు ఎట్లు అందురు. పెండ్లి పందిరికి ఒక పూటలో మనము పెట్టు ఖర్చును తలచుకొన్నచో ఆ ప్రశ్నకు జవాబు దొరకును.

మా తండ్రికి చదువు రాదు. మల్కాపుర శాసనమును ఆయన వినలేదు, కుమనో పేరును ఎరుగడు. సత్రమనగా గోడలు కావని మాత్రము ఒక రాత్రి వేపచెట్టు క్రిందను, మరియొక రాత్రి చెంచుల నెగడు ప్రక్కను తెలిసికొన్నాడు. మీరు ఆ గదిని కట్టిననాడు నాకు ఒక కార్డు ముక్క వ్రాయుడు. నేను వచ్చి ఒక రాత్రి అందులో పండుకొని, తెల్లవారి ఊడ్చి, కుండ నింపి పోయెదను. తలుపు కడ కూర్చున్నవారు నన్ను, "భోంచేసినవా?" అని ఒక్కమాట అడిగిన చాలును.

 గ్రంథాలయము స్వర్ణోత్సవము వరకును, ఆ పిమ్మటను వర్ధిల్లుగాక. సెలవు.